ఏ పూస పక్కన ఏ పూస?

యీ మధ్య నాకు వచ్చే ఉత్తరాల్లో పూసల ప్రసక్తి తరచు కనిపిస్తోంది. సెలవుల్లో ఆడపిల్లలు పూసల దండలు గుచ్చటం నేర్చుకుంటున్నారు. కొందరు గృహిణులు ఇంటిపని అయ్యాక గుచ్చి, ఇరుగుపొరుగు వాళ్ళకు అమ్మి, నాలుగు డబ్బులు కళ్ళచూస్తున్నారు కూడా. సంతోషించవలసిన విషయం.

గుచ్చే పద్ధతి యెవరైనా పక్కన కూర్చుని చూపిస్తే రెండు రోజుల్లో పట్టుబడుతుంది. చిక్కల్లా రంగులతోనే. "అంగడికి వెళ్ళి నచ్చిన రంగులన్నీ తెచ్చుకున్నాను. విడివిడిగా చూస్తే ప్రతిదీ ముద్దొస్తోంది. తీరా గుచ్చేసరికి తిరణాల్లో అమ్మే దండలా తయారయింది" అని ఒక సోదరి వాపోయారు. "చీరకు సరిగ్గా అదే రంగు పూసలు నాలుగు అంగళ్ళు తిరిగి తెచ్చాను. వేసుకుంటే మెడలో దండ వున్నట్టే తెలియటం లేదు" అని మరొకరు వ్రాశారు.

చూడటానికి యివి రెండు వేరువేరు ఫిర్యాదులు. కాని రెంటికీ మూలం ఒకటే. మనం పూసను అరచేతిలో వేసుకుని చూసి కొంటాము. పూస అరచేతిలో వుండేది కాదు. దండలో మరో పూస పక్కన వుంటుంది. ఆ దండ మెడమీద వుంటుంది, దానికింద రవికె వుంటుంది, చీర వుంటుంది. రంగు యెప్పుడూ ఒంటరిగా కాపురం చెయ్యదు. దాని అందంలో సగం ఇరుగుపొరుగుల చలవే!

యీ సంగతిని శాస్త్రీయంగా తేల్చిచెప్పిన ఆయన కథ చాలా సరదాగా వుంటుంది. ప్యారిస్ నగరంలో గోబ్లాఁ అనే పేరుమోసిన నేత కార్ఖానా వుంది. గోడలకు వేలాడదీసే బొమ్మల తెరలు నేస్తారక్కడ. 1824లో ఆ కార్ఖానా అద్దకపు శాఖకు షెవ్రెల్ అనే రసాయన శాస్త్రజ్ఞుణ్ణి అధికారిగా నియమించారు. ఆయనకు వచ్చిన ఫిర్యాదుల్లో ఒకటి, నల్ల ఉన్ని సరిగా నల్లగా లేదని. ఆయన ఇతర చోట్ల అద్దిన నల్ల ఉన్ని తెప్పించి, తమ ఉన్నితో పోల్చి చూశాడు. లోపం ఏమీ కనపడలేదు. మరి యెందుకు వెలసినట్టు కనిపిస్తోంది? నేతలో ఆ నలుపు పక్కన నీలం, ఊదా పోగులు పడుతున్నాయి. ఆ పక్క రంగులే నలుపును చప్పబరుస్తున్నాయి! తప్పు అద్దకంలో లేదు, పొరుగులో వుంది.

షెవ్రెల్ అంతటితో వదలలేదు. యేళ్ళ తరబడి రంగుల జతలను పరీక్షించి 1839లో పెద్ద గ్రంథమే ప్రకటించాడు. 1786లో పుట్టిన ఆయన 1889 దాకా, అంటే నిండా నూరేళ్ళు దాటి, బతికాడు. ఆయన చెప్పినదాన్ని మన మాటల్లో చెప్పుకుంటే యింతే: పక్కపక్కన వున్న రెండు రంగులు ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. లేత రంగు పక్కన ముదురు రంగు మరింత ముదురవుతుంది. ఎరుపు పక్కన ఆకుపచ్చ మరింత పచ్చనవుతుంది. రెంటికీ తేడా పెద్దగా లేకపోతే రెండూ డీలాపడతాయి.

నమ్మకం కలగకపోతే యీ సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టుకుని చూడండి. బూడిదరంగు కాగితంలోనుంచి ఒకే కొలతతో రెండు చిన్న ముక్కలు కత్తిరించండి. ఒకటి నల్లకాగితం మీద, ఒకటి తెల్లకాగితం మీద పెట్టండి. నలుపు మీది ముక్క తేటగా, తెలుపు మీది ముక్క మాసినట్టుగా కనిపిస్తుంది. ఒకే కాగితమని తెలిసినా కన్ను ఒప్పుకోదు.

మన అమ్మమ్మలు షెవ్రెల్ పేరు వినలేదు. అయినా యీ రహస్యం వాళ్ళకు తెలుసు. కదంబం మాల కట్టే చేతులను గమనించండి. మల్లెలు యెక్కువ, నడుమ నడుమ కనకాంబరాలు, అక్కడక్కడ ఒక మరువం రెమ్మ. తెలుపు, నారింజ, ఆకుపచ్చ. మల్లెలు ఒక్కటే వుంటే పాలిపోయినట్టు వుండే మాల, ఆ చిటికెడు మరువంతో ప్రాణం పోసుకుంటుంది. అరిటాకులో తెల్లటి అన్నం పక్కన ఆవకాయ ముద్ద చూస్తేనే నోరూరటానికి రుచి ఒక్కటే కారణం కాదు, ఆ పచ్చదనం మీద ఆ ఎరుపు కూడా కారణమే!

ఆ కదంబం మాల నల్లటి జడలో వున్నప్పుడు వున్న అందం బల్లమీద వున్నప్పుడు వుండదు. యీ మాట గుర్తుపెట్టుకోండి. దీనితో ఇప్పుడు అవసరం పడుతుంది.

*

ఒక తల్లి నాకు వ్రాసిన ఉత్తరం కొన్నాళ్ళుగా నా బల్లమీదే వుంది. ఆమెకు పదిహేడేళ్ళ కూతురు. పూసల పని చక్కగా నేర్చుకుందట. పెద్దనాన్న కూతుళ్ళకు, మేనమామ కూతుళ్ళకు, క్లాసులో స్నేహితురాళ్ళకు అడిగిన రంగుల్లో దండలు, చెవులకు లోలకులు గుచ్చి యిస్తుంది. తనకు మాత్రం కాఫీపొడి రంగు పూసలే. ఒకసారి పగడపు రంగు దండ వేసుకుని పేరంటానికి బయలుదేరితే మేనత్త ఆపి, "నీ ఒంటికి యివి నప్పవే, ముదురు రంగులు వేసుకో" అని తీయించిందట. అప్పటినుంచీ ఆ పిల్ల మళ్ళీ రంగుల జోలికి పోలేదు. తల్లి నన్ను అడిగిన ప్రశ్న యిది: "మా అమ్మాయి కొంచెం రంగు తక్కువ. కాస్త తేటగా కనపడాలంటే ఏ రంగు పూసలు వెయ్యాలో చెప్పండి."

అమ్మా, మీరు అడిగినదానికి ఉన్నదున్నట్టు జవాబు చెబుతాను. మనిషిని తెల్లగా చేసే పూస ఏ అంగట్లోనూ దొరకదు. షెవ్రెల్ సూత్రం ప్రకారమే చూడండి. తెల్లపూసలు వేస్తే ఒంటి రంగు ముదురుగా కనిపిస్తుంది. ముదురు పూసలు వేస్తే ఆ పక్కన ఒళ్ళు ఒక్క పిసరు తేటగా కనపడవచ్చు. మీ ఆడబిడ్డగారి సలహా వెనక వున్న లెక్క యిదే కావచ్చు. కాని ఆ పిసరు కోసం మనం చెల్లించే మూల్యం యెంత? కాఫీపొడి రంగు దండ చామనచాయ మెడలో కలిసిపోతుంది. పిల్ల గంటలకొద్దీ కళ్ళు కాయలు కాచేలా గుచ్చిన పనితనం యెవరికీ కనపడదు. ముఖం దగ్గర వెలుగు తెచ్చే వస్తువు ఒక్కటీ లేక ముఖం కూడా చిన్నబోతుంది.

అంచేత ప్రశ్ననే మార్చుకోండి. "ఏం వేస్తే తెల్లగా కనపడుతుంది?" అని కాక, "దీని ఒంటిమీద ఏ రంగు వెలుగుతుంది?" అని అడగండి. అప్పుడు జవాబుల కరువు వుండదు. ముదురు ఛాయమీద పసుపు, పగడం, చిలకపచ్చ, లేత నీలం, ముత్యపు తెలుపు వెలిగినట్టు మరెక్కడా వెలగవు. నగల అంగళ్ళలో హారాలను చాలాచోట్ల నల్లటి, ముదురు నీలపు మఖమల్ మీద యెందుకు పరుస్తారు? అంగడివాడు కావాలని డబ్బు పెట్టి కొనుక్కునే ఆ నేపథ్యం మీ అమ్మాయికి పుట్టుకతోనే వచ్చింది.

నీలమేఘశ్యాముడికి చిత్రకారులు యెప్పుడూ పీతాంబరమే కడతారు గాని కాఫీపొడి రంగు కట్టరు. ద్రౌపదికి కృష్ణ అనే పేరు ఆమె మేనిఛాయను బట్టే వచ్చింది. ఆమెకు ఏ రంగూ నప్పదని భారతంలో యెవరూ అన్నట్టు నేను చదవలేదు.

యెర్రగా, పచ్చగా వుండే పిల్లల తల్లులు యిది చదివి తమకు పని లేదనుకోకండి. వాళ్ళ చిక్కులు వాళ్ళకున్నాయి. లేత గులాబి, గంధం రంగు, మీగడ రంగు పూసలు పచ్చటి మెడమీద వెలవెలబోతాయి. వాళ్ళకు నేరేడుపండు రంగు, ముదురు ఆకుపచ్చ, కెంపు రంగు, నెమలికంఠం రంగు బాగా నిలబడతాయి. సూత్రం అందరికీ ఒకటే: పూసకూ మెడకూ మధ్య లేత-ముదురుల తేడా వుండాలి. ముదురు ఛాయవాళ్ళు ముదురు పూసలే వేసుకోవాలని మనసుపడితే ప్రతి నాలుగు పూసలకూ ఒక బంగారు రంగు పూస వెయ్యండి. ఆ మెరుపు గీత దండను మెడనుంచి విడదీసి చూపిస్తుంది.

*

యిప్పుడు తిరణాల దండ సంగతి. యెన్ని రంగులు కలపాలి?

మొదలుపెట్టేవారికి మూడు చాలు. ఒకటి ప్రధానమైన రంగు, ఒకటి దానికి తోడు, ఒకటి మెరుపు. మూడూ సమానంగా వుండకూడదు. యింట్లో ముగ్గురూ పెత్తనం చేస్తే సంసారం యెలా వుంటుందో దండా అలాగే వుంటుంది. పది చెంచాల పూసలనుకుంటే ఆరు చెంచాలు ప్రధాన రంగు, మూడు చెంచాలు తోడు రంగు, ఒక్క చెంచా మెరుపు. యీ లెక్క కొత్తదేమీ కాదు. మీ బీరువాలోని పట్టుచీరను విప్పి చూడండి. చీర ఒక రంగు, అంచు మరో రంగు, నడుమ సన్నగా జరీ. చీర యెక్కువ, అంచు తక్కువ, జరీ మరీ తక్కువ. మీకు బాగా నచ్చిన చీర యేదో అదే మీ రంగుల పుస్తకం. ఆ మూడు రంగుల్నే, ఆ పాళ్ళలోనే పూసల్లో గుచ్చండి. నేతగాడు మన తరపున ఆలోచించి పెట్టాడు, వాడుకోవటమే మన పని.

అయితే ఆ దండను ఆ చీరమీదికే వెయ్యకండి. చీరకు అచ్చంగా అదే రంగు పూసలు తెచ్చిన సోదరి ఫిర్యాదుకు జవాబు యిదే. చీర రంగు ప్రధానంగా వున్న దండ చీరలో కలిసిపోతుంది. అదే చీరమీదికి అంచు రంగును ప్రధానం చేసి, చీర రంగును మెరుపుగా నాలుగైదు చోట్ల మాత్రం వేసి చూడండి. దండకూ చీరకూ చుట్టరికం కనపడుతుంది, రెండూ ఒకటై పోవు.

తక్కువ రంగులతో యెక్కువ అందం సాధించటానికి నల్లపూసల గొలుసును మించిన పాఠం లేదు. నలుపు యెక్కువ, నడుమ బంగారు గుండ్లు, యెక్కడో రెండు పగడాలు. నలుపు వెనక్కు తగ్గుతుంది, బంగారం ముందుకు వస్తుంది, పగడం కన్నును ఒక్క చోట నిలబెడుతుంది. ఏ ఛాయ మెడలోనైనా, ఏ రంగు చీరమీదైనా అది యిమిడిపోవటానికి కారణం ఆ పొందికే.

అసలు పూసల విద్యలో మనవాళ్ళు ఒకరికి తీసిపోరు. సంగారెడ్డి జిల్లా కొండాపురంలో 1940ల మొదట్లో తవ్వకాలు జరిపినప్పుడు శాతవాహనుల కాలపు పూసలు యెన్నో బయటపడ్డాయి. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో సుమారు రెండు వేల యేళ్ళ కిందటే చిన్న చిన్న గాజుపూసలు చేసేవారు. ఆ రకం పూసలు సముద్రాలు దాటి ఆగ్నేయాసియా దేశాల దాకా వెళ్ళాయి. పూసల చరిత్ర పరిశోధించిన పీటర్ ఫ్రాన్సిస్ అనే అమెరికా పండితుడు వాటికి ఇండో-పసిఫిక్ పూసలని పేరుపెట్టాడు. అరికమేడు పద్ధతికి దగ్గరగా పూసలు చేస్తూ వచ్చిన చోటు ఆయనకు యెక్కడ కనిపించిందో తెలుసా? మన తిరుపతి జిల్లాలో, ఏర్పేడు దగ్గర, పాపానాయుడుపేటలో! కొలిమిలో కరిగిన గాజుముద్దను గుల్లచేసి, సన్నటి గొట్టంలా లాగి, ముక్కలుగా తుంచి, ఒకదానికొకటి అతుక్కోకుండా బూడిదలో కలిపి మళ్ళీ వేడిచేసి అంచులు గుండ్రన చేసే పద్ధతి అది.

ఆ పూర్వపు పనివాళ్ళ చేతిలో వున్న రంగులు కొద్ది: ఇటుక ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు, తెలుపు వంటివి. ఆ కొద్దిపాటి రంగులతోనే దేశదేశాల ఆడవాళ్ళను మెప్పించారు. పాపానాయుడుపేటకు దగ్గరలోనే వున్న శ్రీకాళహస్తి కలంకారీ కూడా అంతే. ఇనుపముక్కలూ బెల్లమూ ఊరబెట్టి తీసిన నలుపు, వేళ్ళనుంచీ చెక్కలనుంచీ తీసిన ఎరుపు, నీలిమందు, పసుపుపచ్చ. వీటితో రామాయణమంతా వ్రాశారు. మన అంగళ్ళలో నూరు రంగుల డబ్బాలు వరసగా పెట్టి వున్నంత మాత్రాన నూరూ కొనాలని లేదు.

*

రంగులు యెంచుకున్నారు. గుచ్చేముందు చెయ్యవలసిన పరీక్షలు నాలుగు వున్నాయి. దండ అంతా గుచ్చి విప్పేకంటె యివి తేలిక.

మొదటిది. మూడు రంగుల పూసల్నీ ఒక పళ్ళెంలో, ఏ పాళ్ళలో వెయ్యదలచారో ఆ పాళ్ళలో పోసి, నాలుగడుగులు వెనక్కు జరిగి, కళ్ళు సగం మూసి చూడండి. అలా చూస్తే రంగులు మసకబారి లేత-ముదురు మాత్రమే తెలుస్తుంది. మూడూ ఒకే మసకగా కలిసిపోయాయంటే, పేర్లకు మూడు రంగులేగాని పనికి ఒకటే అన్నమాట. ఒక దాన్ని లేతది చెయ్యండి, లేదా ముదురుది చెయ్యండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ ఒకే ముదురులో వుంటే దండ బరువుగా, మొద్దుగా వుంటుంది. అదే ముదురు ఎరుపు, చిలకపచ్చ, లేత నీలమైతే విడివిడిగా పలుకుతాయి.

రెండవది. రెండంగుళాల దారం మీద మాదిరి గుచ్చి దూరంనుంచి చూడండి. చిన్న పూసలకు ఒక గుణం వుంది, దూరాన కన్ను వాటిని కలిపేసుకుంటుంది. ఒక ఎర్రపూస, ఒక పచ్చపూస, ఒక ఎర్రపూస, ఒక పచ్చపూస చొప్పున గుచ్చితే దగ్గర్లో చమక్కుమనే దండ, గదికి అటుపక్కనుంచి మట్టిరంగుగా కనిపిస్తుంది. నెమలికంఠం రంగు చీర నేసేది యీ కిటుకుతోనే. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు, కంటికి కనిపించేది రెండూ కలిసిన మూడోది. అక్కడ అది వరం, యిక్కడ శాపం. ఎదురెదురు రంగులు, అంటే ఎరుపు-ఆకుపచ్చ, నీలం-నారింజ, పసుపు-ఊదా, వీటిని ఒక్కొక్కటిగా మార్చి మార్చి గుచ్చకండి. ఏడు పూసల గుంపు ఒక రంగు, తరువాత మూడు పూసల గుంపు యింకోటి, యిలా వెయ్యండి. నడుమ ఒక తెల్లపూసో బంగారు పూసో కాపలా పెట్టండి. దగ్గరి చుట్టాలైన రంగులను, పసుపు-నారింజ, నీలం-ఆకుపచ్చ వంటి వాటిని, ఒక్కొక్కటిగా మార్చి గుచ్చినా ప్రమాదం లేదు. మెత్తగా కలిసిపోతాయి.

అంగట్లో పూసలకు అంకెలుంటాయి. అంకె పెరిగినకొద్దీ పూస చిన్నది. ఆరో నంబరు పూస పెద్దది, పదకొండో నంబరు పూస సుమారు రెండు మిల్లీమీటర్లు వుంటుంది. పూస యెంత చిన్నదైతే రంగుల కలయిక అంత యెక్కువ. అంచేత పదకొండో నంబరు పూసలతో పనిచేసేవారు గుంపులు పెద్దవి వేసుకోవాలి.

మూడవది దారం పరీక్ష. గాజుపూసల్లో లోపలినుంచి వెలుతురు పోయేవి కొన్ని, పోనివి కొన్ని. వెలుతురు పోయే పూసల్లోనుంచి దారం కనిపిస్తుంది. తేనెరంగు పూసలను తెల్లదారం మీద గుచ్చితే లేత తేనెలా, ఎర్రదారం మీద గుచ్చితే పాత కెంపులా వుంటాయి. ఒకే పూసతో రెండు దండలు చేసినట్టే! దారం మార్చి చూసుకుని నచ్చిన రంగు స్థిరం చేసుకోండి. నల్లదారం మాత్రం యిలాంటి పూసలకు వాడకండి, దీపం ఆరినట్టవుతాయి. తళతళలాడే పూసలన్నీ ఒకే చోట గుచ్చినా చిక్కే. అన్నీ మెరిస్తే ఏదీ మెరిసినట్టు కాదు. మెరుపులేని పూసల నడుమ ఒకటి రెండు మెరిసేవి పెడితే వాటికి విలువ వస్తుంది.

నాలుగవది వెలుతురు పరీక్ష. అంగట్లో దీపాల కింద చూసిన రంగు ఇంటికి వచ్చాక మారిపోయిందని చాలామంది అంటారు. మారింది పూస కాదు, వెలుతురు. గుమ్మం దాకా తీసుకువచ్చి పగటి వెలుతురులో చూడటానికి మొగమాటపడకండి. రాత్రి పెళ్ళికి వేసుకునే దండ అయితే ఇంట్లో పసుపుపచ్చటి దీపం కింద కూడా చూడండి. ఆ వెలుగులో ఎరుపు, నారింజ, బంగారు రంగులు కళకళలాడతాయి. ముదురు నీలం, ఊదా దాదాపు నలుపులా కనిపిస్తాయి. నీలమే కావాలంటే లేత నీలం యెంచుకోండి.

*

రంగు నిలుస్తుందా లేదా అన్నది కూడా చూసుకోవాలి. గాజులోనే కలిసి కాలిన రంగు పోదు. కోబాల్టు ముదురు నీలాన్ని యిస్తుంది, మాంగనీసు వంగపండు రంగును, ఇనుము సీసా ఆకుపచ్చను యిస్తాయి. రాగి చిత్రమైనది. కాల్చే తీరునుబట్టి ఎరుపునూ యిస్తుంది, నీలిపచ్చనూ యిస్తుంది. యివి గాజు వున్నన్నాళ్ళూ వుంటాయి. కాని కొన్ని పూసలకు పైపైన రంగు పూస్తారు. గాఢమైన గులాబి, ఊదా రంగుల్లో యిలాంటివి తరచు కనిపిస్తాయి. చెమటకూ ఎండకూ రంగు దిగి రవికెమీద మరకలు పడతాయి. గోళ్ళరంగు తీసే ద్రవంలో దూది ముంచి రెండు పూసలను రుద్ది చూడండి. దూదికి రంగు అంటితే ఆ పూసలు మెడకు పనికిరావు. ఒక దండకు కావలసిన పూసలన్నీ ఒకేసారి కొనుక్కోండి. తరువాత వచ్చిన సరుకులో అదే రంగు అచ్చంగా అలాగే వుంటుందనే భరోసా లేదు.

యిక, వెంటనే మొదలుపెట్టాలని వుండేవారికి నాలుగు పొందికలు చెబుతాను. మొదట చెప్పింది ప్రధాన రంగు, చివర చెప్పింది మెరుపు.

కదంబం: ముత్యపు తెలుపు, కనకాంబరం రంగు, మరువపు ఆకుపచ్చ. చామనచాయకు, ముదురు ఛాయకు చాలా బాగుంటుంది. ముదురు రంగు చీరలన్నిటిమీదికీ సరిపోతుంది.

తోరణం: బంతిపువ్వు పసుపు, మామిడాకు ఆకుపచ్చ, కుంకుమ ఎరుపు. పండుగపూట వేసుకోవటానికి. ఎరుపు నిజంగా ఒక్క చెంచానే వెయ్యండి, యెక్కువైతే తోరణం కాస్తా కొట్లాట అవుతుంది.

మామిడిచిగురు: రాగిరంగు, లేత ఆకుపచ్చ, బంగారు రంగు. ఆఫీసుకు వెళ్ళే ఆడవాళ్ళకు, నూలుచీరల మీదికి. పచ్చటి ఛాయవాళ్ళు రాగి ముదురుది తీసుకోవాలి. చామనచాయవాళ్ళు లేత ఆకుపచ్చ పాలు పెంచుకోవాలి.

సముద్రం: ముదురు నీలం, నీలిపచ్చ, తెలుపు. పగటిపూటకు, తెల్లచీరలకు, గంధం రంగు చీరలకు. ముదురు ఛాయవాళ్ళు ప్రధాన రంగునూ తోడు రంగునూ తారుమారు చేసుకుంటే సరి.

పదిహేడేళ్ళ అమ్మాయి తల్లికి ఒక్క మాట. యీ నాలుగింటిలో ఏది గుచ్చాలో మీరు నిర్ణయించకండి, నేనూ నిర్ణయించను. అద్దం ముందు అమ్మాయిని కూర్చోబెట్టి, పసుపు, పగడం, చిలకపచ్చ, లేత నీలం, తెలుపు ఒక్కొక్క పేట మెడకు ఆనించి చూసుకోమనండి. గదిలో వేరే యెవరూ వద్దు. అందరి మెడలకూ రంగులు యెంచి యిచ్చిన పిల్ల, తన మెడకు యెంచుకోలేదా? ఆ దండ వేసుకుని పేరంటానికి బయలుదేరినప్పుడు గుమ్మంలో యెవరైనా ఏమైనా అంటే, జవాబు చెప్పవలసింది ఆ పిల్ల కాదు, మీరు.

*

చిన్న జవాబులు

కర్నూలు నుంచి వ్రాసిన సోదరికి: గాజుపూసకూ ప్లాస్టిక్ పూసకూ తేడా తెలుసుకోవటం తేలిక. గాజు చేతికి చల్లగా తగులుతుంది, బరువుగా వుంటుంది. పింగాణీ పళ్ళెంలో వేస్తే ఖంగుమంటుంది. రెండూ ఒకే దండలో గుచ్చకపోవటం మంచిది. రంగు ఒకటే అయినా మెరుపులో తేడా పట్టిచ్చేస్తుంది.

పసిపిల్లలున్న తల్లికి: పూసలను మూత గట్టిగా బిగిసే డబ్బాల్లో, పిల్లలకు అందని ఎత్తున పెట్టుకోండి. పిల్లలు నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు. గుచ్చేటప్పుడు కింద తెల్లటి దుప్పటి పరచుకుంటే జారిపడ్డవి కనపడతాయి. లేచేముందు దుప్పటిని నాలుగు మూలలూ పట్టి దులుపుకోండి.

దారం చిక్కుపడుతోందన్న నెల్లూరు సోదరికి: దారాన్ని తేనెమైనం ముద్దమీద రెండుసార్లు లాగి అప్పుడు గుచ్చండి. మరీ పొడుగు దారం ఒకేసారి తీసుకోకండి, చెయ్యి చాచినంత చాలు.

నల్లపూసల్లో వేరే రంగులు కలపవచ్చునా అని అడిగిన కొత్త కోడలికి: ఇంటి ఆచారాన్ని బట్టి వుంటుంది. అత్తగారిని ఒక మాట అడగండి. కలపటానికి అభ్యంతరం లేదంటే, ఒక్కొక్క పేటలో పచ్చపూసలో పగడాలో నాలుగైదుకు మించకుండా వెయ్యండి. నలుపు ప్రధానంగా నిలిచినంతవరకే అవి నల్లపూసలు.